డౌనూరు ఘాటులో గేదె

నేను ఒక మోటారు సైకిలును. ఒళ్ళంతా నలుపు, ట్యాంకు మీద మాత్రం రెండు పసుపు గీతలు. పుట్టింది అరవదేశంలో ఒక కర్మాగారంలో. నన్ను బిగించిన చేతులెన్నో, ఒక్క మొహమూ గుర్తులేదు.

మొదట నన్ను కొన్నది విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు. ఆయన నన్ను నడపడానికి కొన్నట్టు లేదు, తుడవడానికి కొన్నట్టుంది. ఆదివారం పొద్దున్నే మెత్తటి గుడ్డతో గంటసేపు తుడిచేవాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని బీచి రోడ్డు చివరిదాకా వెళ్ళి, ఒక కొబ్బరిబొండం తాగి తిరిగొచ్చేవాడు. ఇంటికి ఎవరొచ్చినా, నా మీద హిమాలయాలకి వెళ్తానని చెప్పేవాడు. అలా ఆరేళ్ళు చెప్పాడు. ఏడో ఏడు నడుంనొప్పి పట్టుకుంటే అమ్మేశాడు. మనుషులు వెళ్ళిన ఊళ్ళ గురించి కన్నా వెళ్ళని ఊళ్ళ గురించే ఎక్కువ మాట్లాడతారని నాకప్పుడే తెలిసింది.

తర్వాత అనకాపల్లిలో నూకరాజు చేతికొచ్చాను. కాలిపోయిన నీళ్ళ మోటార్లకి కొత్త తీగ చుట్టే షాపు అతనిది. వేళ్ళకెప్పుడూ వార్నిషు వాసన. అతనికి ఇద్దరు స్నేహితులు. మందుల షాపు పరదేశికి సొంత బండి ఉంది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు దేముడుకి బండి లేదు, నడపడమూ రాదు. అతని చోటు నా వెనక సీటు.

ఏటా డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం ముగ్గురూ బయల్దేరేవారు. నర్సీపట్నం దాటి, డౌనూరు దగ్గర కొండల్లోకి ఘాటు రోడ్డెక్కి, చీకటిపడే వేళకి లంబసింగి చేరేవారు. ఆదివారం పొద్దున్నే కొండల మధ్య పొగమంచు పాలు పొంగినట్టు పొంగితే చూసి, చింతపల్లి కాఫీతోటల దాకా వెళ్ళి వెనక్కి తిరిగేవారు. దారి పొడవునా దేముడు నూకరాజు చెవిలో మాట్లాడుతూనే ఉండేవాడు. పచ్చటి వలిసెపూలు ఏ కొండవాలులో విరగబూశాయో, ఏ చెట్టుకి మిరియాల తీగ పాకిందో అన్నీ అతనే చెప్పేవాడు. నూకరాజు కళ్ళు రోడ్డు మీద ఉండేవి. కొండలు మాత్రం అతనికి చెవిలోంచి కనబడేవి.

ఐదో ఏడు, తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం వేళ ఘాటు దిగుతున్నాం. పరదేశి మమ్మల్ని దాటిపోతూ అరిచాడు.

"ఏరా నూకరాజూ, ఎడ్లబండి తోల్తన్నావేటి?"

"ఎల్లనీరా ఆడ్ని," అన్నాడు దేముడు వెనకనుంచి. "మనకేటి తొందర? నెమ్మదిగా పోనీ."

నూకరాజు ఎక్సలేటరు తిప్పాడు. మూడో మలుపులో కొండ ఊటనీళ్ళు రోడ్డు మీద పారుతున్నాయి, వాటి కింద కంకర. నా వెనక చక్రం జారింది. నేను పక్కకి ఒరిగి, ఈడ్చుకుంటూ పోయి, అంచున పాతిన రాయికి కొట్టుకుని ఆగాను. నూకరాజు దూరంగా గడ్డిలో పడ్డాడు. దేముడి కుడి మోకాలు నాకూ ఆ రాయికీ మధ్య నలిగింది. ఆ మెత్తదనం నాకిప్పటికీ తెలుస్తుంది.

పరదేశి వెనక్కి తిరిగొచ్చి, "ఏటైందిరా?" అని గొంతు చించుకున్నాడు.

నూకరాజు గడ్డిలోంచి లేచి వచ్చాడు. "గేదె," అన్నాడు. "గేదె అడ్డొచ్చింది."

ఆ మలుపులో గేదె లేదు, దాని పేడ కూడా లేదు. రోడ్డు మీద పడున్న దేముడు కళ్ళెత్తి నూకరాజుని ఒక్కసారి చూసి, కళ్ళు మూసుకున్నాడు.

మూడు ఆపరేషన్లయినా ఆ కాలు వంగలేదు. ఈలవేస్తే మైదానమంతా పలికే మనిషిని బడిలో లైబ్రరీ కుర్చీలో కూర్చోబెట్టారు. పరదేశి రాజమండ్రికి వ్యాపారం మార్చుకుని వెళ్ళిపోయాడు. నూకరాజు మాత్రం ప్రతి శుక్రవారం సాయంత్రం బత్తాయిలు పట్టుకుని నా మీద దేముడింటికి వెళ్ళేవాడు. నన్ను అరుగుకి ఆనించి నిలిపేవాడు. ఇద్దరూ వానల గురించి, బడిలో కొత్త హెడ్మాస్టరు గురించి మాట్లాడుకునేవారు. మాటలు అయిపోయేవి, టీ కూడా అయిపోయేది. అయినా అతను లేచేవాడు కాదు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక శుక్రవారం దేముడి భార్య వరాలు టీ గ్లాసులు తీస్తూ పక్కింటావిడతో అంది. "ఆ గేదెని రోడ్డు మీదకొదిలినోడి సేతులు పడిపోను. అన్నయ్య బండి తోలబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నా మొగుడు నాకు దక్కునా?"

నూకరాజు లేచాడు. నా దగ్గరకొచ్చి తాళంచెవి పెట్టాడు. బండి తీయలేదు. నా ట్యాంకు మీద అరచేయి ఆనించాడు. పక్కింటావిడ వెళ్ళేదాకా అలాగే నుంచుని, మళ్ళీ అరుగెక్కాడు.

"గేదె లేదమ్మా."

"ఏటన్నయ్యా?"

"గేదె లేదు. పరదేశిని దాటాలని నేనే తోలేను. ఈడు నెమ్మదిగా ఎల్లమన్నాడు. నేనిన్లేదు."

వరాలు మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"ఎనకాల కూకున్నాను గదే. తెలీకపోడమేటి?"

"మరి సెప్పలేదేటి?"

"ఆడి నోటంట రావాలని సూసేను," అన్నాడు దేముడు. "రెండేళ్ళు పట్టింది."

వరాలు గ్లాసులు అక్కడే వదిలేసి లోపలికి పోయి తలుపేసుకుంది. నూకరాజు నేలమీద కూలబడ్డాడు. ఏడవడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు.

"బత్తాయిలట్టుకుని ఇంక రాకు," అన్నాడు దేముడు. "ఆటిని సూస్తే నాకు ఆస్పత్రే గుర్తొస్తంది."

"మరెప్పుడు రమ్మంటావురా?"

"లంబసింగి ఎల్లిరా. ఎలాగుందో వచ్చి సెప్పు."

ఆ డిసెంబరులో ఇద్దరమే వెళ్ళాం, నూకరాజూ నేనూ. వెనక బరువు లేక ప్రతి గుంతకీ నా వెనక చక్రం ఎగిరిపడింది. నూకరాజు మొదటిసారి కొండల్ని తన కళ్ళతో చూశాడు. మలుపు మలుపుకీ నన్ను ఆపి, పైకే అనుకునేవాడు. "వలిసెపూలు రాలిపోనాయి. తాజంగి సెరువులో నీళ్ళు తగ్గినాయి." అన్నీ అప్పజెప్పాలి కదా, మర్చిపోతానేమోనని భయం. మూడో మలుపులో బండి దిగి, రాయి పక్కన చాలాసేపు నుంచున్నాడు.

ఆదివారం సాయంత్రం అరుగు మీద అన్నీ చెప్పాడు. దేముడు కళ్ళు మూసుకుని విన్నాడు. వరాలు బయటికి రాలేదు.

అలా నాలుగు డిసెంబర్లు వెళ్ళొచ్చాం. నాలుగోసారి పొగమంచు ఎలా కమ్మిందో, కాఫీతోటల్లో పండ్లెలా ఎర్రబడ్డాయో చెప్పి, నూకరాజు ఆగాడు.

"ఇంకేటి?" అన్నాడు దేముడు.

"ఇంకేటీ లేదురా. ఎనకాల నువ్వు లేవు."

దేముడు కళ్ళు తెరిచాడు. చాచి ఉన్న కుడికాలు మీద చేయి వేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం నూకరాజుని ఎవరూ వెళ్ళమనలేదు. లైట్లు వెలిగేదాకా అక్కడే ఉన్నాడు.

మరుసటి వేసవిలో నా ఇంజను పట్టేసింది. చుట్టల కొద్దీ తీగ చుట్టిన నూకరాజు చేతులకి కూడా నేను లొంగలేదు. సామాను దొరకదన్నారు. ఇప్పుడు బైపాసు రోడ్డు పక్కన పాత ఇనుము షెడ్డులో, టైర్లు లేకుండా, ఒక కుట్టుమిషనుకీ ఒక ఆటో టాపుకీ మధ్య ఉన్నాను. పొద్దున చలిగాలి తగులుతోంది. డిసెంబరు వచ్చినట్టుంది. నూకరాజు బస్సెక్కి కొండకి వెళ్ళాడేమో. పొగమంచు ఎలా ఉందో అరుగు మీద కూర్చుని చెప్తున్నాడేమో. నాకు వచ్చి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.