నూకలన్నం ఆరమ్మ కోసం ఒక గంట

సైగాన్‌లో నాకు తెలియని సందు లేదు. కళ్ళకు గంతలు కట్టి ఏ మూలన వదిలిపెట్టినా సరే, వాసన పట్టుకుని ఊరంతా తిరిగి పొద్దుగుంకే లోపు బయలుదేరిన చోటికి వచ్చేస్తాను. మూడేళ్ళు ఆ ఊళ్ళో సైక్లో రిక్షా తొక్కినవాణ్ణి మరి. ఒకసారి ఒకే సైక్లోలో పెళ్ళివారిని మొత్తం ఎక్కించుకుని వెళ్ళాను. తొమ్మిదిమంది మనుషులు, కాల్చిన పంది ఒకటి. పెళ్ళికూతురికి చోటు లేక పంది మీదే కూర్చుంది. వంతెన ఎక్కేచోట పెళ్ళికొడుకు దిగి తోస్తానన్నాడు. బట్టలు నలుగుతాయి, కూర్చో నాయనా అని నేనే వద్దన్నాను.

అలాంటి నన్ను పోయిన ఏడు మా ఊరి వృద్ధుల సంఘంవాళ్ళు నెత్తిన పసుపు టోపీ పెట్టి, మెడలో చీటీ వేలాడదీసి, 'ఒక్కరోజులో సైగాన్' చూపిస్తామని బస్సెక్కించారు. ముప్పైమంది ముసలివాళ్ళం. కొబ్బరితోటల మధ్య బెన్‌చే నుంచి కోడికూత వేళకు బయలుదేరాం. నగరం మొదట్లో మా గైడు ఎక్కింది. డియెమ్ అనే పిల్ల. పాతికేళ్ళుంటాయి. ఒక చేతిలో చిన్న జెండా, ఇంకో చేతిలో మైకు, చంకలో పేర్ల జాబితా.

ఆ జాబితాతోనే తంటా వచ్చింది.

"హుయిన్ వాన్ లుయోమ్ గారు" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచింది. రాలేదేమోనని గీత కొట్టబోతుంటే, నా పక్కనున్న ఏడయ్య మోచేత్తో పొడిచాడు.

"అన్నా, అది నువ్వేనేమో."

"నేనా?"

"మిగతా అందరూ చెయ్యెత్తేశారు. మిగిలింది నువ్వూ, ఆ పేరూ."

బస్సంతా నవ్వింది. నేను చెయ్యెత్తాను. అందులో నా తప్పేముంది? మా దక్షిణాదిలో మనిషిని పుట్టిన వరసతో పిలుస్తారు. పెద్దబిడ్డ రెండు, తర్వాతది మూడు. ఒకటి అనే అంకె ఎవరికీ ఇవ్వరు. తొలిచూలును ఎత్తుకుపోయే దయ్యానికి దొరక్కుండా అని మా నాయనమ్మ చెప్పేది. ఆ దయ్యానికి లెక్కలు వచ్చో రావో ఆవిడ చెప్పలేదు. నేను ఇంట్లో మూడోవాణ్ణి, కనుక నాలుగయ్యను. అసలు పేరు పెళ్ళి కాగితం మీదా, రేపు గోరీ రాయి మీదా ఉంటుంది. మధ్యలో దాంతో పనేమీ పడదు.

పడదనే అనుకున్నాను, నా పాతికేళ్ళ వయసులో.

ఇక దాచడం దేనికి. నేను బస్సెక్కింది రాజభవనం చూడ్డానికి కాదు. చేతికిచ్చిన కాగితంలో ఐదో వరస ఇలా ఉంది: బిన్ తై మార్కెట్, నలభై నిమిషాలు. ముప్పై ఏడేళ్ళ కిందట ఆ మార్కెట్ వాకిట్లో ఆరమ్మ అనే పిల్ల నూకలన్నం అమ్మేది. ఆమె ఎక్కడుందో కనుక్కోవాలి. మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఆవిడ ఉండగా ఈ మాట నోట అనలేదు, అనవలసిన అవసరమూ రానివ్వలేదు. ఇప్పుడు అడగడానికి నాకు అడ్డం ఎవరూ లేరు, ఒక్క నేను తప్ప.

బస్సు కదిలింది. డియెమ్ ఎడమన అది, కుడిన ఇది అని చెబుతోంది. ఏడయ్య ఊరుకోలేదు.

"అమ్మాయ్, నీకెందుకు శ్రమ? మా నాలుగన్నకు ఈ ఊరు అరచేతిలో గీత. మైకు ఆయనకివ్వు."

ఆ పిల్ల నిజంగానే ఇచ్చింది. "అయితే తాతగారూ, నది ఎటువైపుందో చెప్పండి చూద్దాం."

నేను తడుముకోకుండా కుడివైపు చూపించాను. బస్సు ఎడమకు తిరిగింది. తిరగ్గానే ఎదురుగా నది, దాని మీద ఓడలు. ముప్పైమంది ముసలివాళ్ళూ నది వైపు చూడకుండా నా వైపు చూశారు.

"నది జరిగినట్టుందన్నా" అన్నాడు ఏడయ్య.

సరే, నిజం చెప్పేస్తాను, నాకేం సిగ్గు. మూడేళ్ళూ నేను తొక్కింది ఒకే ఒక్క దారి. బిన్ తై మార్కెట్ నుంచి కాలవ గట్టు మీద గోదాం దాకా, గోదాం నుంచి మార్కెట్ దాకా. వెళ్ళేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు వెల్లుల్లి బస్తాలు. ఒక్కసారి ఒక చీనా తాతకు దారి తప్పితే చూపించబోయి, ఇద్దరం కలిసి తప్పిపోయాం. ఆ నగరంలో నాకు తెలిసినవి ఒక రోడ్డు, ఒక కాలవ, ఒక పొయ్యి.

ఆ పొయ్యి ఆరమ్మది. మధ్యాహ్నం పూట నిప్పుల మీద పంది ముక్కలు కాలుస్తుంటే ఆ పొగ గోదాం దాకా వచ్చేది. ఆమె అందరికీ నూకలన్నం మీద ఉల్లికాడల నూనె చల్లి ఇచ్చేది. నాకు మాత్రం కుండ అడుగున అంటిన మాడుచెక్క కూడా తీసిపెట్టేది. అడిగినవాళ్ళకు అయిపోయిందనేది. మూడేళ్ళు ఆ మాడు తిన్నాను. ఒకసారి నోరు తెరిచి, "ఆరమ్మా, మాడు మా ఊళ్ళో కూడా అవుతుంది, వచ్చి చూడరాదూ" అన్నాను. "మీ ఊళ్ళో కుండ కడిగేదెవరు నాలుగన్నా, నువ్వా?" అంది. "నేనే" అన్నాను. ఆమె తలొంచుకుని విసురుతూ కూర్చుంది. నిప్పులు అప్పటికే బాగా రాజుకుని ఉన్నాయి, అయినా విసురుతూనే ఉంది. మా మధ్య జరిగిన పెళ్ళిమాటలు ఇంతే. దీనికి మించి జరిగిందని ఎవరైనా అంటే వాళ్ళు నాకంటే పెద్ద కోతలరాయుళ్ళు.

తర్వాత వానాకాలంలో మా నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడని కబురొచ్చింది. పదిరోజుల్లో వస్తానని చెప్పి పడవెక్కాను. ఆరమ్మ అరిటాకులో అన్నం కట్టి ఇచ్చింది.

పెద్ద చర్చి దగ్గర దిగాం. దానికి చుట్టూ ఇనపగొట్టాలు కట్టి, గుడ్డ కప్పి మరమ్మతు చేస్తున్నారు. "మనం వస్తున్నామని తెలిసి గుడ్డ కప్పేశారేంటమ్మా" అని ఏడయ్య డియెమ్‌ను అడిగాడు. ఎదురుగానే పెద్ద పోస్టాఫీసు. ఆడవాళ్ళు బొమ్మల కార్డులు చూస్తూ మూగారు. నేను మాత్రం ఆ ఎత్తైన కప్పు కింద కాసేపు తలెత్తి నిలబడ్డాను, ఆ ఆఫీసుతో నాకో పాత గొడవ ఉన్నట్టు.

గొడవంటే, తప్పు నాదే. నాన్న మంచం దిగలేదు. రెండు నెలలయ్యాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. లోపలిది గడగడా రాసేశాను. కవరు మూసి, బోర్లించి, కలం పెట్టి ఆగిపోయాను. ఏ పేరు రాయాలి? మూడేళ్ళు రోజూ పలకరించాను, ఆమె పేరేమిటో అడగలేదు. ఆమె ఇల్లు ఏ సందులోనో అడగలేదు. ఎప్పుడడిగినా చెప్పేదే. చివరికి 'ఆరమ్మ, నూకలన్నం, బిన్ తై మార్కెట్ వాకిలి' అని రాశాను. వాన పడ్డ కవరు మూడునెలలకు తిరిగొచ్చింది. చిరునామా చాలదని ముద్ర. ఆ పోస్టుమనిషి మాత్రం ఏం చేస్తాడు? ఆ వాకిట్లో ఆరమ్మలు ఎంతమందో.

వెళ్ళి ఉండొచ్చు కదా అంటారు. ఒకరోజు దారే. ఆ సంవత్సరం నాన్నను చూడాలి, మరుసటి సంవత్సరం తోట చూడాలి, ఆ పై ఏడు అమ్మ పక్క పల్లె సంబంధం చూసింది. చూసేవి ఎక్కువై నేను వెళ్ళలేదు.

రాజభవనంలో ఎన్ని గదులున్నాయో డియెమ్ చెప్పింది. మా సంఘంవాళ్ళు ఆ గదులన్నీ వదిలేసి మరుగుదొడ్డి దగ్గర వరసకట్టారు. భోజనాలయ్యాక చీనా పేటలోని థియెన్ హౌ అమ్మవారి గుడికి తీసుకెళ్ళింది. అక్కడ కప్పు నిండా చుట్టలు చుట్టిన ఎర్రటి అగరు వేలాడుతుంది. చుట్టకొక గులాబీ కాగితం. ఎవరి కోసం వెలిగించారో వాళ్ళ పేరు దాని మీద ఉంటుంది. నేనూ ఒక అగరుచుట్ట తీసుకున్నాను. బల్ల వెనకాల కుంచె పట్టుకున్న ఆయన అడిగాడు.

"పేరు?"

"ఆరమ్మ."

"అసలు పేరు చెప్పు తాతా. అమ్మవారి దగ్గరికి రోజుకి వందమంది ఆరమ్మలొస్తారు."

"నూకలన్నం ఆరమ్మ అని రాయి."

"అమ్మవారు భోజనాల లెక్క చూడదు."

వెనక నించుని వింటున్న డియెమ్ ముందుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుని గుమ్మం పక్కకు తీసుకెళ్ళింది. "ఎవరు తాతగారూ ఆవిడ?" అంది. చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. ముప్పై ఏడేళ్ళకు నాలుగు మాటలు సరిపోవడం నాకే కాస్త అవమానంగా అనిపించింది.

ఆ పిల్ల గడియారం చూసుకుంది. "మార్కెట్లో నలభై కాదు, గంటిస్తాను. కాగితంలో ఆఖరున ఉన్న బొమ్మల దుకాణం దర్శనం ఎగ్గొడదాం. మా ఆఫీసువాళ్ళు అడిగితే మీకు కాలు బెణికిందని చెబుతా."

"ఏ కాలు?"

"మీ ఇష్టం. కానీ బస్సు దిగేదాకా ఆ కాలితోనే కుంటండి."

బిన్ తై మార్కెట్ మీద అదే పాత గడియారం బురుజు, పెంకుల కప్పు, మెలికలు తిరిగిన డ్రాగన్లు. రంగు కొత్తది. వాకిట్లో నేను సైక్లో ఆపే చోట ఇప్పుడు మోటార్‌సైకిళ్ళు బారులు తీరి ఉన్నాయి. పొయ్యి లేదు, పొగ లేదు. అయినా నా ముక్కు పోయి అక్కడే నిలబడింది.

ముందు వెల్లుల్లి కొట్టువాళ్ళను అడిగాను. నా బస్తాల బంధువులు కదా.

"ముప్పై ఏళ్ళ పైమాట, నూకలన్నం అమ్మే ఆరమ్మ అని ఉండేది, తెలుసా తల్లీ?"

"ఏ ఆరమ్మ?" అంది కొట్టావిడ. "ఎండురొయ్యల ఆరమ్మా, చెప్పుల ఆరమ్మా, బొద్దారమ్మా?"

"సన్నగా ఉండేది."

పక్క కొట్టావిడ పగలబడి నవ్వింది. "ముప్పై ఏళ్ళ కిందటా? అప్పుడు మేమంతా సన్నగానే ఉన్నాం బాబాయ్. నన్ను తీసుకుపో, నేనూ ఆరమ్మనే."

ఎండురొయ్యల ఆరమ్మ చెప్పుల ఆరమ్మ దగ్గరికి పంపింది. చెప్పుల ఆరమ్మకు వినిపించదు, వాళ్ళ కోడలు టోపీల ఆరమ్మ దగ్గరికి పంపింది. ఏడయ్య నా వెంటే తిరుగుతూ వేళ్ళు మడుస్తున్నాడు. "ఐదుగురయ్యారన్నా. ఇంకొకరు దొరికితే ఆరు." నాకు నవ్వు రాలేదు. అరగంట అయిపోయింది. ప్రతి కొట్టు ముందూ, లోపలి మనిషి నా వైపు తల తిప్పేదాకా టోపీ సర్దుకుంటూ నిలబడేవాణ్ణి. తిప్పిన మొహం ప్రతిసారీ వేరేవాళ్ళది.

ఆఖరికి మార్కెట్ నడిమి పెరట్లో, నీళ్ళకుండీ పక్కన, దువ్వెనలూ పిన్నులూ అమ్మే ముసలావిడ కనిపించింది. ఆవిడా ఆరమ్మే. నా ఆరమ్మ కాదు. అయినా అడిగాను.

"నూకలన్నం ఆరమ్మా?" అని ఆవిడ దువ్వెన కింద పెట్టింది. "నువ్వు నాలుగయ్యవా?"

నేనే అన్నాను. తన పీట నా వైపు తోసింది.

"మీ రేవుకొచ్చింది నాయనా. నువ్వెళ్ళిన మరుసటేడు. రెండురోజులు పొయ్యి ఆర్పేసి వచ్చింది. రేవులో దిగి నాలుగయ్య ఇల్లెక్కడని అడిగిందట. ఏ నాలుగయ్య అన్నారట. సైక్లో తొక్కే నాలుగయ్య అంటే, ఇక్కడ సైక్లోలెక్కడివమ్మా, అన్నీ పడవలే అన్నారట. మీ రేవు చుట్టూ పదకొండుమంది నాలుగయ్యలున్నారటగా?"

"ఉన్నారు."

"ఎనిమిది ఇళ్ళు తిరిగింది. ఎండదెబ్బ తగిలి, ఆఖరి పడవ పోతుందని వెనక్కొచ్చేసింది. ఎవరో ఇచ్చిన కొబ్బరికాయలు తెచ్చి మాకందరికీ పంచింది. తర్వాత వాళ్ళక్క దగ్గరికి బియెన్ హోవా వెళ్ళిపోయింది. అంతే తెలుసు."

గంట అయింది. డియెమ్ జెండా ఎత్తి పట్టుకుని వస్తోంది. నన్ను చూసి దించేసింది. ఏడయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. బస్సు దాకా కుంటుతూ వచ్చాను, ఏ కాలు బెణికిందో చూసుకోకుండానే.

తిరుగుదారిలో ఈ కథే మైకు పట్టుకుని అందరికీ చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎనిమిది ఇళ్ళు అనేసరికి ఏడయ్య కిటికీ వైపు తిరిగిపోయాడు. తొమ్మిదో ఇల్లు ఎవరిదని ఎవరూ అడగలేదు. బస్సు పెద్ద వంతెనెక్కి మా నది దాటింది.

ఏడయ్య కిటికీ వైపు తిరిగింది ఏడుపుతో కాదు, నా మొహం చూడలేక. పెరట్లో నా పక్కనే ఉన్నాడు, ముసలావిడ అన్నది వాడూ విన్నాడు. ఆవిడ అన్నది ఇది: "నేనిక్కడికి తొంభయ్యారులో వచ్చాను నాయనా. అంతకుముందువాళ్ళెవరూ నాకు తెలీరు." పీట మాత్రం నిజంగానే ఇచ్చింది. ఆరమ్మ మా రేవుకొచ్చిందన్నది నేను కల్పించాను, మార్కెట్ గేటుకూ బస్సు మెట్టుకూ మధ్య. ఆమె రాలేదు. ఒకవేళ వచ్చి ఉంటే, ఆ ఏడంతా నేను ఇంట్లోనే ఉన్నాను.