రెండు చేతుల తీర్పు

అంపైర్ ఇచ్చిన తీర్పు మార్చొచ్చా, పక్కవాణ్ణి అడగొచ్చా అని వాదించే పెద్దమనుషులందరినీ ఒక్కసారి మా గ్రీర్ గని మైదానంలో నిలబెట్టాలి. గట్టు మీద కూర్చున్నవాడు ఎన్నయినా చెబుతాడు.

ఆ ఆదివారం మా గ్రీర్‌కీ కొండ అవతలి రావెన్ గనికీ బేస్‌బాల్ ఫైనల్. వారమంతా బొగ్గు మింగినవాళ్లు ఆదివారం దొంగసారా తాగి వచ్చి ఆ కసంతా మా అంపైర్ల మీద తీర్చుకుంటారు. బ్యాటరు వెనక నిలబడేది ఎమ్రిస్ ప్రాసర్, వేల్స్ నుంచి వచ్చిన, అరవై దాటిన పెద్దాయన. ఆయనకు తోడుగా, పరుగెత్తేవాళ్లు ఆగే బేస్‌ల దగ్గర నేను, మీకో అనేవాణ్ణి. మా ఇద్దరికీ ఒక కట్టుబాటుంది. ఎవడి తీర్పు వాడిది, అడిగితే తప్ప రెండోవాడు నోరు విప్పకూడదు. ఆ గోలలో మాట ఎవరికీ వినపడదు కాబట్టి తీర్పంతా చేతులతోనే. పిడికిలి ఎత్తితే ఔట్, రెండు చేతులూ చాపితే సేఫ్.

ఆఖరి ఇన్నింగ్స్‌లో రావెన్ ఆటగాడొకడు స్కోరు సమం చేసే పరుగు కోసం ఉరికి వచ్చి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ మీదికి జారాడు. ప్లేట్ వెనక బంతి అందుకునే మా క్యాచర్ డన్లేవీ, బంతి తాకించి ఔట్ చేద్దామని వాడి మీద పడ్డాడు. దుమ్ము లేచింది. ప్రాసర్ పిడికిలి ఎత్తాడు.

తాకించేటప్పుడు బంతి క్యాచర్ చేతిలో నిలవకపోతే అది ఔట్ కాదు. బంతి డన్లేవీ చేతిలోంచి జారి నేల మీద పడటం నేను చూశాను. వాడు గబుక్కున తీసి గ్లవ్‌లో దాచేశాడు. వాడి వీపు అడ్డమొచ్చి ప్రాసర్‌కు కనపడలేదు.

రావెన్ కెప్టెన్ బార్టోష్ బ్యాటు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏరా ముసలోడా, కళ్లు సంతలో అమ్ముకున్నావా? సేఫ్ అను."

"ఔట్ అన్నాగా."

బ్యాటు డొక్కలో దిగింది. పెద్దాయన మోకాళ్ల మీద కూలాడు. మూతి మీద బూటుకాలు పడింది.

"మారుస్తావా, పళ్లేరుకుంటావా?"

"చంపెయ్. శవం మాట మార్చదులే."

ఆపబోయిన నా పొట్టలో ఎవడో గుద్దాడు. లేచేసరికి గని కాపలావాళ్లు లాఠీలు ఝళిపిస్తూ రావెన్ జనాన్ని కంచె అవతలికి తరుముతున్నారు. మావాళ్లు ప్రాసర్‌కి జేజేలు కొడుతున్నారు. అక్కడితో ఊరుకుంటే పీడా పోయేది. ఆ మొండిమనిషి పన్ను ఉమ్మేసి, నెత్తురు తుడుచుకుని, నా దగ్గరికి వచ్చాడు.

"మీకో, నువ్వేం చూశావు?"

"అడగడానికి ఇప్పుడా దొరికింది తీరిక? ఇంటికి పోదాం పద పెద్దాయనా."

"కొడుతుంటే అడిగితే భయపడి అడిగినట్టుంటది. ఇప్పుడు నా మీద ఎవడి చెయ్యీ లేదు. చెప్పు."

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెబితే మావాళ్లే ఆయన్ని చీరేస్తారు. అబద్ధం చెబితే ఆ మొహం మళ్లీ ఎలా చూడను?

"బంతి జారింది. నేల మీద పడింది."

"నీ కళ్లతో చూశావా?"

"చూశా."

ఆయన ప్లేట్ దగ్గరికి నడిచి చేతులు చాపబోయాడు. బంతి జారిందని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసినవాడు డన్లేవీ. ఆ వెధవే మొహానికున్న ఇనుప తొడుగు ఊడదీసి ప్రాసర్ కుడిచేతి మీద బలంగా కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

"దెబ్బలకి జడిసి మాట మారుస్తున్నాడ్రా," అని అరిచాడు. మైదానమంతా ఆ మాటే అందుకుంది.

ప్రాసర్ ఎడమచెయ్యి చాచాడు. కుడిది వేలాడుతోంది. ఒంటిచేత్తో చూపిస్తే అది తీర్పు కాదు. ఎత్తబోయాడు, లేవలేదు. నావైపు చూశాడు కానీ ఈసారి ఏమీ అడగలేదు.

వెళ్లి ఆయన కుడిపక్కన భుజానికి భుజం ఆనించి నిలబడ్డాను. నా కుడిచెయ్యి చాచాను.

మొదటి రాయి నా చెవి మీద పడింది. రెండోది ఆయన నుదుటి మీద పడింది.

"చెయ్యి దించమాక," అన్నాడు ప్రాసర్. "బోర్డు మీద స్కోరేసేవాడు ఇంకా ఇటు చూళ్లేదు."