విజయమ్మ మగ్గం గుంత

ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేయవచ్చు. పొడి డబ్బా ముందు వచ్చిందా, విజయమ్మ కొడుకు బాలరాజు సిమెంటు మాట ముందు ఎత్తాడా అన్నది ఇప్పుడు గట్టిగా చెప్పలేను. సిమెంటు మాటే ముందని రాస్తున్నాను.

గద్వాలలో విజయమ్మది గుంత మగ్గం. పొద్దున చాయ్ తాగి, నేలలో తవ్విన గుంతలోకి దిగి, కాళ్లతో చెక్కలు తొక్కుతూ మధ్యాహ్నం దాకా నేసేది. నూలు చీరకు పట్టు అంచు కలపడంలో ఆ వీధిలో ఆమె చేయే చేయి.

ఆ వీధి గుంతలు మనుషుల వయసుతో పాటు లోతవుతాయి. అరవై దాటితే ఏటా నాలుగు వేళ్లు. మట్టి పోస్తే తెల్లారేసరికి మింగేస్తాయి. అందరికీ తెలిసిందే కనుక ఎవరూ దాని గురించి మాట్లాడరు. గుంత నడుము దాటితే నేత మానేసి అరుగు మీద కూర్చుంటారు, అంతే.

విజయమ్మకు అరవై ఎనిమిది. గుంత నడుము దాకా వచ్చింది. రెండుసార్లు పైకి రాలేక, కొడుకు బాలరాజు వచ్చి చేయందించేదాకా లోపలే ఉండిపోయింది.

"దసరా కాంగనే మగ్గం ఇప్పుత. గుంతల కాంక్రీటు పోపిస్త. కాంక్రీటును మింగదంట," అన్నాడు బాలరాజు.

"మరి నేనేం జేయాలె?"

"కూసో. టీవీ చూడు."

"టీవీ అంచు కలుపుతదా?"

దసరాకు మూడు నెలలుంది.

ఆ వారంలోనే నా మనవరాలు ఫరీదా వాళ్లింటికి వెళ్లింది. బట్టల కొట్టు పైన గదిలో ఆడవాళ్లకు కసరత్తు నేర్పుతుంది తను. ముందు విజయమ్మను దవాఖానకు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. డాక్టరు సరేనన్నాకే తెల్లపొడి డబ్బా ఇచ్చింది.

"అవ్వా, దీని పేరు క్రియాటిన్. రోజుకు ఒక చిన్న చెంచా నీళ్లల్ల కలుపుకొని తాగు. గని తాగి ఊకె కూసుంటే ఏం రాదు. పీట మీద కూసొని చేతులు ఆనియ్యకుంట పదిసార్లు లేవాలె. అలవాటైనంక నీళ్ల బిందె పట్టుకొని లేవాలె."

"బిందె మోసుడు నాకు నేర్పుతవా పిల్లా," అని నవ్వింది విజయమ్మ. నాలుగోసారికి పీట మీద కూలబడింది. అప్పుడు నవ్వలేదు.

పది రోజుల తర్వాత కోడలు రాధిక డబ్బా మీది పేరు చదివింది. మామ మూత్రపిండాలు చెడి చనిపోయేదాకా ప్రతి రిపోర్టూ చదివింది తనే. ఆ పేరు తనకు బాగా తెలుసు అనుకుంది. డబ్బా తెచ్చి మగ్గం గుంతలో బోర్లించింది. గుంత మింగితే మళ్లీ దొరకదు కదా.

ఫరీదాను పిలిపించి నిలదీసింది. "మామను తిన్నది గిదే గాదా? అత్తకు గుడ తాపుతున్నవా?"

"అక్కా, రిపోర్టుల రాసేది క్రియాటినిన్. గిది క్రియాటిన్. ఇది కండలకు పనికొస్తది. అది కండలు వాడుకున్నంక మిగిలే చెత్త. చుట్టాలే గని ఒక్కటి గాదు."

"గంత దగ్గర దగ్గర పేర్లు పెడితే మాకెట్ల తెలుస్తది?"

"నీ భయం తప్పు గాదక్కా. అందుకే మొదలు రక్తం చూపిచ్చిన."

రాధిక ఖాళీ డబ్బా ఫరీదా చేతిలో పెట్టింది. తర్వాత, "ఇంకో డబ్బా తెప్పియ్యి," అంది.

మర్నాడు విజయమ్మ దిగేసరికి గుంత అడుగు మెత్తగా లేదు. పిక్కలా బిగిసి ఉంది. ఫరీదా వంగి చేత్తో నొక్కి చూసింది.

"పొడి తిన్నది గద, దీనితోని గుడ పని చేయియ్యాలె. పీట లోపలేసుకో అవ్వా."

ఆ రోజు నుంచి విజయమ్మ గుంతలోనే లేచి కూర్చునేది. ఆమె పైకి లేస్తుంటే కింద నేల కూడా ఒక్క దమ్ము పట్టి పైకి నెట్టేది. మొదట్లో ఇద్దరికీ ఐదుసార్లకే ఆయాసం వచ్చేది. తర్వాత పది, తర్వాత బిందెతో పది. వారానికి మూడు వేళ్ల చొప్పున గుంత పైకొచ్చింది. రాధిక పక్కన నిలబడి లెక్కపెట్టేది. ఎక్కడైనా తప్పిపోతే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. విజయమ్మ తిట్టేది.

దసరా వెళ్లిన మూడో రోజున బాలరాజు మేస్త్రీ మాసయ్యను వెంటబెట్టుకొచ్చాడు. విజయమ్మ నేస్తూ ఉంది.

"రా అమ్మా, చేయియ్యి," అన్నాడు బాలరాజు.

ఆమె తొక్కుడు ఆపి, రెండు చేతుల్లో పట్టు దారం చుట్టిన కండెలు అట్లాగే పట్టుకుని లేచింది. ఒక కాలు గట్టు మీద పెట్టింది. రెండోది పెట్టింది. పైన నిలబడింది.

మాసయ్య తొంగి చూశాడు. "గిది గుంతనా? మోకాలు గుడ మునగదు. దీనికి నన్నెందుకు తోలుకొచ్చినవు?"

బాలరాజు నమ్మలేదు. నేల మీద గొంతుక్కూర్చుని, చేయి లోపలికి పెట్టి జానలతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఇక లేవబోతే మోకాళ్లు పట్టేశాయి. యాభై దగ్గర పడుతున్న మనిషి, రోజంతా దుకాణంలో కుర్చీ మీదే కూర్చుంటాడు.

తల్లి వైపు చేయి చాపాడు: "అమ్మా, జర లేపు."

విజయమ్మ కండెలు కోడలి చేతికిచ్చి కొడుకును లేపి నిలబెట్టింది. తర్వాత మళ్లీ మగ్గంలోకి దిగింది. అంచు ఇంకా మూరెడు మిగిలి ఉంది.

ఫరీదా, బిడ్డా, నేను రాసిన పేర్లు ఒకసారి చూడు. కోడలు రాధికే కదా? మేస్త్రీ పేరు మాసయ్యేనా, ఇస్రాయేలా?