క్లచ్ విడవని బండి

ఎదురింటి టైలరమ్మ ఇస్త్రీ ఆయనతో అందట, లైన్‌మన్ గారి బండి సీటు ఎవడో ఊడదీసుకుపోయాడని, పాపం ఆ మనిషి ఏడాదిగా నిలబడే తోలుతున్నాడని, టైర్లలో గాలి కూడా సగానికి సగం లేదని, మెకానిక్ బావమరిదిని పక్క వాటాలోనే పెట్టుకుని ఈ గతేమిటని. ఇస్త్రీ ఆయన ఆ మాటని బట్టలతో పాటు మడతపెట్టి తెచ్చి లైన్‌మన్ భార్య చేతిలో పెట్టాడు. ఆ అక్క మడత విప్పకుండానే దాన్ని మెకానిక్ తమ్ముడికి అప్పజెప్పింది.

శనివారం మధ్యాహ్నం. తమ్ముడు అప్పుడే పని నుంచి వచ్చాడు, ఇంకా చెప్పులు కూడా విడవలేదు. మామూలు రోజైతే నవ్వేవాడే. ఆ వేళ "ఊఁ" అని వెనక వసారాలోకి నడిచాడు.

వీధిలో అందరూ అతన్ని పంపుల మేస్త్రి అంటారు. వారమంతా నీళ్ల మోటార్లు విప్పి బిగించడం అతని బతుకు. ఒక్కోటి అరవై కిలోలు, ఒక్కోటి ఎనభై. వంగి ఎత్తి, ఎత్తి వంగి నడుము ఎప్పుడో సమ్మెలోకి దిగింది. అలాంటి మనిషి శనివారం సగం రోజు, ఆదివారం మొత్తం బావ బండి ముందు గొంతుక్కూర్చుంటాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ బండిని వాళ్లిద్దరూ కలిసే తెచ్చుకున్నారు. తోలేది బావ, చూసుకునేది తను అని మొదటిరోజే అనుకున్నారు.

దానికి పుట్టుకతోనే సీటు లేదు. ట్రయల్స్ బండి అది. ఆ ఆటలో ఎవడు ముందొచ్చాడన్నది ఎవరికీ అక్కర్లేదు. బండరాళ్ల మీదుగా, దుంగల మీదుగా, నిటారు గట్ల మీదుగా నత్తనడకన నడపాలి, కాలు కింద పెట్టకూడదు. కాలు నేలకి తగిలితే ఒక తప్పు, పడితే అయిదు. కూర్చుని చేసే పని కాదు కాబట్టి సీటుతో పనిలేదు. టైరు రాయిని పిల్లి పంజాలా పట్టుకోవాలి కాబట్టి గాలి తక్కువ పెడతారు. ఇదంతా టైలరమ్మకి చెప్పబోతే వీధి మొత్తానికి చెప్పాలి. అంత ఓపిక ఎవరికుంది?

వసారా గోడ మీద సుద్దముక్కతో రాసిన వరసలున్నాయి. అది మేస్త్రి తన షాపు నుంచి తెచ్చుకున్న పద్ధతి. బండి తోలినవాడు తన బాధని తన మాటల్లోనే గోడ మీద రాయాలి. బాగుచేసినవాడు దాని కింద ఏం చేశాడో రాయాలి. నోటితో చెప్పుకుంటే ఇద్దరూ తగువు పడతారు, గోడైతే తగువు పడదు.

"క్లచ్ విడవట్లేదు. ముందుకు దూకుతోంది," అని బావ రాత. "ఆయిల్ మార్చాను," అని మేస్త్రి రాత. "మళ్లీ దూకింది." "క్లచ్ గొట్టంలో గాలి తీశాను." "మళ్లీ." "ప్లేట్లు మార్చాను." కింద పొద్దున్నే డ్యూటీకి పోతూ బావ రాసింది తాజాగా ఉంది. "మళ్లీ. రేపే పోటీ. చూడు."

మేస్త్రి ఆ ఆఖరి మాట దగ్గర కాసేపు నిలబడ్డాడు. పోయిన నెల పాత క్వారీలో, మూడో మెట్టు పైన బండిని నిలబెట్టి ఊపిరి తీసుకోవాల్సిన చోట, అది ఆగకుండా ముందుకు దూకింది. బావ కింద, బండి పైన. రెండు వారాలు ఒక పక్కకే తిరిగి పడుకున్నాడు. రేపటి పోటీ కూడా ఆ క్వారీలోనే, అవే మెట్లు. బావ పడిన రోజే అక్క తమ్ముడిని పిలిచి నెమ్మదిగా అంది, ఆయన చేతకాక పడితే నేను ఆయన్నే అడుగుతా, బండి వల్ల పడితే మాత్రం నిన్ను అడుగుతా అని. ఆ రోజు నుంచి అతనికి సరిగ్గా నిద్ర లేదు.

కుడివైపున్న క్లచ్ మూత పైకి వచ్చేలా బండిని ఎడమ పక్కకి పడుకోబెట్టాడు. అలా పెడితే ఆయిల్ ఒలకదు. మూత విప్పాడు. ప్లేట్లు ఒక్కొక్కటే తీసి, అక్క వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన పాత పళ్లెంలో వరస తప్పకుండా పేర్చాడు. ఇనుప ప్లేట్లని అద్దం ముక్క మీద పెట్టి వేలితో మీటాడు. ఒక్కటైనా వంగి ఉంటే టకటకమంటుంది. ఏదీ కిమ్మనలేదు. ప్లేట్లు జారే గాడుల్లో గోరు పెట్టి పైనుంచి కిందికి గీశాడు. ఎక్కడా గంటు లేదు. అన్నీ పెట్టి బిగించి, బండిని నిలబెట్టి, క్లచ్ గొట్టం కింది చివరి నుంచి సిరంజితో ద్రవాన్ని పైకి ఎక్కించాడు. పైన గిన్నెలో ఒక్క బుడగ లేవలేదు. మొదటి గేరులో వేసి, క్లచ్ నొక్కి తోశాడు. తొట్టిలో పడవలా పోయింది. ఇంజన్ వేసి చూశాడు. నొక్కి ఉంచినంతసేపూ అక్కడే నిలబడింది.

తప్పు దొరికితే అలసట ఉండదు. దొరక్కపోతే విప్పిన ప్రతి మరా తిరిగొచ్చి నడుములో బిగుసుకుంటుంది. మేస్త్రి బోర్లించిన డబ్బా మీద కూలబడి, చేతులు కిరసనాయిలు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచే ఓపిక లేక గుడ్డ చేతుల్లోనే ఉండిపోయింది.

నాలుగింటికి బావ వచ్చాడు. కరెంటు స్తంభాలెక్కే మనిషి, ఖాకీ చొక్కా మీద తుప్పుచారలు, భుజాన బెల్టు. వస్తూనే గోడ వంక చూశాడు. తన రాత కింద ఖాళీగా ఉంది.

"ఏమోయ్ బావమరిదీ, సుద్దముక్క అయిపోయిందా?"

"బండిలో ఏం కనపడలేదు బావా."

"కనపడలేదా? దాని మీద నించున్నది నేను. నాకు కాళ్ల కిందే తెలుస్తోంది. నీటి మోటారనుకున్నావా, మూలన పడి మూలగడానికి. ఇది బతికున్న జంతువు."

"జంతువైతే పశువుల డాక్టర్ని పిలు."

బావ నవ్వాడు. మేస్త్రికి మాత్రం ఆ నవ్వు అందుకునే శక్తి లేదు. అక్క టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. బావ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. మేస్త్రి అది చూశాడు. టీ కాలుతోంది కదా అనుకున్నాడు. ఖాళీ గ్లాసులు తీసుకుని అక్క దండెం వైపు వెళ్లిపోయింది.

గోడ కింద పడున్న సుద్దముక్క అప్పుడే అతని కంటబడింది.

ఆ బండి మీద క్లచ్‌ని ఒక్క వేలితోనే నొక్కుతారు. ఎడమచేతి చూపుడువేలు లీవరు మీద, మిగతా మూడు వేళ్లు హ్యాండిల్ రబ్బరు మీద. నిండా నొక్కితే లీవరు చివర రబ్బరుకి తగలాలి. మేస్త్రి లేచి, బావ బెల్టు విప్పి మేకుకి తగిలిస్తున్నప్పుడు, లీవరు చివర లోపలివైపు సుద్దని దట్టంగా రుద్దాడు. రబ్బరు నల్లది. తగిలితే తెల్లగా అంటుకుంటుంది, తగలకపోతే లేదు. గోడ కంటే నమ్మకమైన సాక్షి.

"ఒకసారి తోలి చూపించు. నా కళ్ల ముందు దూకాలి."

వెనక సందులో వాళ్లు సాధనకి పెట్టుకున్న సరంజామా ఉంది. అడ్డంగా ఒక దుంగ, మూడు పాత టైర్లు, ప్రహరీకి ఏటవాలుగా ఆనించిన బండరాయి పలక. బావ దుంగని మెత్తగా దాటాడు, టైర్ల మీదుగా కప్పలా గెంతాడు. ఆ మనిషి బండి మీదుంటే వయసు పదేళ్లు వెనక్కి పోతుంది, అందులో దాపరికం లేదు. పలక ఎక్కాడు. పైన ఆగాలి. క్లచ్ నొక్కి, బండిని కాళ్ల మధ్య బిగించి నిలబెట్టాలి. నిలబెట్టాడు. ఒకటి, రెండు అనుకునేలోపు బండి గుర్రుమని అడుగు ముందుకు వేసింది. బావ కాలు కింద పెట్టి, ముందు చక్రం గోడకి ఆనగానే ఇంజన్ ఆపేశాడు.

"చూశావా?" అన్నాడు. గొంతులో గెలిచినవాడి సంబరం. "నిండా నొక్కే ఉన్నా. అయినా లాగింది."

మేస్త్రి బండిని పట్టుకునే వంకతో దగ్గరికెళ్లి రబ్బరు చూశాడు. నల్లగా, శుభ్రంగా ఉంది. లీవరు చివర సుద్ద వేసింది వేసినట్టే ఉంది.

బావ దండెం దగ్గరికి వెళ్లి, ఆ పలక తన ఊపిరి తీసేసిందని అక్కతో ఏదో చెప్పి నవ్విస్తున్నాడు. మేస్త్రి తన చూపుడువేలితో లీవరు ఒక్కసారి నొక్కి వదిలాడు. రబ్బరు మీద గోరంత తెల్లటి మచ్చ పడింది. బొటనవేలితో తుడిచేశాడు.

బావ అబద్ధమాడలేదు, అదే అసలు బాధ. నిండా నొక్కాననే అనుకుంటున్నాడు. వేలు సగంలో ఆగిపోతోంది, ఆగిపోయిన సంగతి వేలు అతనికి చెప్పడం లేదు. ఇన్నాళ్లూ గోడ మీద రాసిన బాధ నిజమైనదే. రాయాల్సిన గోడ మాత్రం ఇది కాదు. టీ గ్లాసు, రెండు చేతులు, పోయిన వారం బావ చేయి జారి రెండుసార్లు పడ్డ స్పానరు, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. ఆ చేత్తోనే మనిషి రోజూ స్తంభాలెక్కుతున్నాడు.

చెప్పాలి. ఎలా చెప్పాలి? మోటారు కాలిపోయిందని వందమందికి చెప్పాడు, ఎన్నడూ నోరు తడబడలేదు. బావా, నీ చెయ్యి పోతోంది అని చెప్పడానికి మాత్రం అతని దగ్గర మాట లేదు. చెబితే రేపటి పోటీ పోతుంది, బండి పోతుంది. కంపెనీ డాక్టరు దాకా పోతే స్తంభం కూడా పోతుంది. పోయేవన్నీ తన నోటి మాటతో పోతాయి. అలసిపోయిన మనిషి ఎప్పుడూ దగ్గరి దారే చూస్తాడు. మేస్త్రి కూడా అదే చూశాడు.

లీవరు మొదట్లో చిన్న మర ఒకటుంది. పెట్టెలోంచి చిన్న తాళంచెవి లాంటి పానా తీసి, ఆ మరని లోపలికి తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో అర చుట్టు. ఇప్పుడు సగం నొక్కినా క్లచ్ పూర్తిగా విడిపోతుంది. బండి జబ్బుకి కాకుండా మనిషి జబ్బుకి మర బిగించినట్టు అనిపించింది. దాని వల్ల ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. లీవరు వదిలేసినప్పుడు కూడా ప్లేట్లు పూర్తిగా కరుచుకోవు. నిటారు మెట్టు మీద నిండా రేజ్ ఇచ్చినప్పుడు క్లచ్ జారితే, దూకాల్సిన చోట బండి దూకదు, వెనక్కి వస్తుంది. ముందుకు పడే మనిషిని వెనక్కి పడేలా మార్చాడు, అంతే. ఆ సంగతి తెలిసి కూడా పానాని పెట్టెలో పెట్టేశాడు.

"ఇంకోసారి ఎక్కు బావా."

బావ ఎక్కాడు. దుంగ, టైర్లు, పలక. పైన నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు, పది. బండి శిలలా ఉంది. కిందికి దింపి, హెల్మెట్ తీసి, బావమరిది వీపు మీద ఒక్కటి చరిచాడు. కుడిచేత్తో.

"చెప్పలా, బండిలోనే ఉందని? నెలరోజులు పట్టింది నీకు. నీకంటే ఆ టైలరమ్మ నయం, సీటు లేదని మొదటిరోజే కనిపెట్టింది." సుద్దముక్క తీసి బావమరిది చేతిలో పెట్టాడు. "రాయి. ఏం చేశావో రాయి."

మేస్త్రి గోడ ముందు నిలబడ్డాడు. సుద్దముక్క చివర గోడకి ఆనింది, కదల్లేదు. వెనక బావ మాటలు ఆగడం లేదు. రేపు మూడో మెట్టు సంగతి తేలుస్తానన్నాడు. సోమవారం కొండ పక్క పెద్ద టవరు ఎక్కే పనికి వేరేవాళ్లు వెనకాడితే తానే పేరిచ్చానని, నడుము బెల్టు ఉండగా భయమేమిటని అన్నాడు. మేస్త్రి "మర సరిచేశాను" అని రాశాడు. ఆ రెండు ముక్కలూ రాయడానికి మోటారు ఎత్తినంత పనయింది.

దండెం మీది బట్టలు తీసుకుని అక్క వసారా మెట్టు దగ్గరికి వచ్చింది. భుజం మీద తువ్వాళ్లు, చేతిలో ఉతికిన ఇంకో ఖాకీ చొక్కా. గోడ చదివింది. మొగుడి మొహం చూసింది, అది వెలిగిపోతోంది. తమ్ముడి మొహం చూసింది.

"ఏం బాగుచేశావురా?"

"చిన్న మర అక్కా. వదులైంది. తిప్పాను."

"అంతేనా?"

"అంతే."

బావ హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఇక పోటీలో తన వెనక నిలబడేవాడెవడో చూస్తానన్నాడు. అక్క ఆ మాట వినలేదు. చేతిలోని చొక్కాని వాళ్లిద్దరి మధ్య, బండి హ్యాండిల్ మీద పరిచింది. పై గుండీ నుంచి కింది గుండీ దాకా ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"మూడు నెలలుగా పొద్దున్నే ఈ గుండీలు ఆయనకి నేనే పెడుతున్నా. దానికి ఏ మర తిప్పుతావో అది కూడా ఆ గోడ మీద రాయి."