శుక్రవారం చేపల క్యూ

విల్ఫ్ ఎంట్‌విజిల్ మైకు పట్టుకుంటే బ్రాకెన్‌షాలో కుక్కలు కూడా చెవులు రిక్కించేవి. టౌన్ జట్టు ఆడే ప్రతి ఆటకీ ఇరవై తొమ్మిదేళ్ళుగా అతనే అనౌన్సరు. ఆటగాళ్ళ పేర్లు చదవాలి, గోలు ఎవడు కొట్టాడో చెప్పాలి, ఎవరి పిల్లాడైనా తప్పిపోతే పిలవాలి. అంతవరకే పని. విల్ఫ్ అంతటితో ఆగితేగా!

"ఎర్ర కారు ఎవరిదో గానీ లైట్లు వెలుగుతున్నాయి, వచ్చి ఆర్పుకోండి... ఆగండాగండి, అలాగే ఉంచండి. మా గ్రౌండులో ఇంత వెలుతురు ఎప్పుడూ చూళ్ళేదు!"

ఇలా ఉండేది వరస. కానీ ఈమధ్య నవ్వేవాళ్ళే కరువయ్యారు. శనివారం మూడింటికి ఆటంటే గట్టిగా లెక్కపెట్టినా డెబ్భై ఒక్క మంది. పదిహేను మైళ్ళ దూరంలో సిటీ ఉంది, అక్కడ పెద్ద క్లబ్బు ఉంది, వాళ్ళ ఆటా శనివారం మూడింటికే. ఒంటిగంటా పది రైలుకి బ్రాకెన్‌షా సగం ఖాళీ. మాంసం కొట్టు ఆయనా అందులోనే, చర్చి ఫాదరూ అందులోనే.

అందుకే కమిటీ మీటింగులో విల్ఫ్ లేచి నిలబడ్డాడు.

"శనివారం వాళ్ళతో మనం పోటీ పడలేం. కుక్కల పందేల గ్రౌండు వాళ్ళు పారేసిన లైట్లు తెచ్చి నాలుగు స్తంభాలకీ కట్టుకున్నాం కదా. శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి ఆడదాం. ఆ టైములో ఏ పెద్ద క్లబ్బూ ఆడదు."

ప్రెసిడెంటు హెరాల్డ్ క్రాబ్‌ట్రీ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన వృత్తి శవపేటికలు చేయడం. ఎండాకాలంలో కూడా నల్ల కోటే. ఆయన నవ్వగా చూశామని చెప్పుకున్నవాళ్ళు ఇద్దరు, వాళ్ళ మాట ఎవరూ నమ్మలేదు.

"మా తాత శనివారమే ఆడాడు. మా నాన్న శనివారమే ఆడాడు," అన్నాడు హెరాల్డ్.

"వాళ్ళిద్దర్నీ సాగనంపింది మీరే కదా ప్రెసిడెంటు గారూ. ఆ శనివారాన్ని కూడా పక్కనే పడుకోబెట్టండి."

కమిటీ అంతా కిందికి చూసి బూట్లు సర్దుకుంది. హెరాల్డ్ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"శుక్రవారం ఊరంతా చేపలు తినే రోజు విల్ఫ్. ఆట చూసే రోజు కాదు."

"తినే వస్తారండీ. చేప తినడానికి ఎంతసేపు కావాలి? నేను పది నిమిషాల్లో లాగించేస్తాను."

"సరే. ఒక్క శుక్రవారం. గేటు దగ్గర టికెట్టు లేదు, ఊరికే రమ్మను. సగం ఆటయ్యేసరికి మూడొందల మంది లోపలికి రావాలి. రాకపోతే మళ్ళీ శనివారమే." హెరాల్డ్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ మైకు తెచ్చి నా చేతిలో పెట్టు. నా మేనల్లుడి గొంతు బావుంటుంది. జోకులు వెయ్యడు."

విల్ఫ్‌కి బస్సు నడిపే ఉద్యోగం అయిపోయి రెండేళ్ళయింది. ఇంట్లో అతని మాట వినడానికి పిల్లి తప్ప ఎవరూ లేరు, ఆ పిల్లి కూడా సగం వినేది. అయినా చెయ్యి చాచాడు.

"పందెం. మీ మేనల్లుణ్ణి గొంతు దాచుకోమనండి, పాపం, జలుబు చేస్తుంది."

శుక్రవారం వచ్చింది. ఏడున్నరకి రిఫరీ ఈల ఊదాడు. విల్ఫ్ చెక్క గది జనం కూర్చునే స్టాండు కప్పు మీద ఉంటుంది, నిచ్చెనెక్కి వెళ్ళాలి. పైనుంచి కిందికి చూసి నోరు తెరిచాడు. గేటు దగ్గర కూర్చునే సెత్ వేళ్ళు చూపించాడు. అరవై మూడు. శనివారం కన్నా ఎనిమిది తక్కువ!

"ఊరంతా ఏమైపోయిందిరా?" అని మైకు ఆపి గొణుక్కుంటూ గోడ అవతలికి చూశాడు.

ఊరంతా అక్కడే ఉంది.

గ్రౌండు గోడని ఆనుకునే ఐవీ వేయించిన చేపల కొట్టు. ఆ కొట్టు గుమ్మంలో మొదలైన క్యూ మిల్ స్ట్రీట్ పొడవునా సాగి, పోస్టాఫీసు దాటి, మూల తిరిగి ఎటో పోయింది. ఇద్దరిద్దరు కాదు, ఒక్కొక్కరు, ఒకరి వెనక ఒకరు, చేతులు జేబుల్లో పెట్టుకుని.

అప్పుడు వెలిగింది విల్ఫ్‌కి. ఐవీ అతని అన్న భార్య. అన్న పోయినా ప్రతి శుక్రవారం ఐదున్నరకి మరిది పొట్లం వెనక గోడ మీదుగా ఠంచనుగా అందుతుంది. ఇన్నేళ్ళలో విల్ఫ్ ఆ క్యూలో ఒక్కసారి నిలబడితే ఒట్టు. చేప తినడానికి పది నిమిషాలే, నిజమే. దొరకడానికి ఎనిమిదిన్నర అవుతుందని అతనికెవరు చెప్పారు?

పన్నెండో నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయింది. ఆటగాడు చేతుల్తో విసరబోతున్నాడు. విల్ఫ్ స్పీకరు మూతిని వీధి వైపు తిప్పి, గుండెల నిండా గాలి పీల్చి అరిచాడు.

"గోఓఓఓల్! టౌన్ గోల్! బ్రాకెన్‌షా చరిత్రలో ఇలాంటి గోలు లేదు! చూడనివాడు జన్మంతా ఏడుస్తాడు!"

బంతి పట్టుకున్న ఆటగాడు దాన్ని అనుమానంగా చూశాడు. లోపలున్న అరవై ముగ్గురూ ఏం మిస్సయ్యామా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీధిలో మాత్రం నూరు తలకాయలు లేచాయి. ఒకాయన ఒక్క అడుగు పక్కకి వేశాడు, అంతే, వెనకాయన మెల్లిగా అరడుగు ముందుకి జరిగాడు. మొదటాయన గబుక్కున తన చోటికి వచ్చేశాడు.

"విల్ఫ్ గాడు మళ్ళీ మొదలెట్టాడు," అని ఎవరో అన్నారు. తలలన్నీ దిగిపోయాయి.

రిఫరీ పరిగెత్తుకుంటూ స్టాండు కిందికి వచ్చాడు. "ఇంకోసారి ఇలా చేశావంటే నిన్ను గ్రౌండు బయటికి పంపిస్తాను!"

"చిత్తం రిఫరీ గారూ. మీకు కనబడలేదేమో అని చెప్పానంతే."

పైకి అలా అన్నాడు గానీ విల్ఫ్ బుర్ర పరిగెడుతోంది. ఈ ఊళ్ళో ఇల్లు తగలబడుతున్నా సరే, క్యూలోంచి మనిషి కదలడు. కదిలితే వరస పోతుంది. అంచేత మనిషిని క్యూలోంచి లాగకూడదు. క్యూనే లాక్కురావాలి.

నిచ్చెన దిగి గోల్‌పోస్టు వెనక్కి పరిగెత్తాడు. అక్కడ గోడలో ఐవీ కొట్టు పెరటి తలుపుంది. దబదబా బాదాడు.

"ఎవరూ?"

"నేనే వదినా, విల్ఫ్‌ని."

"అయితే తియ్యను."

ఆ తలుపుకి గడియ పడి ఆరు నెలలైంది. ఏప్రిల్ ఒకటో తారీఖున ఎవరో ఐవీ కొట్టులో చిప్స్ మీద చల్లుకునే వెనిగర్ సీసాలన్నీ ఖాళీ చేసి, చల్లారిన టీ డికాక్షన్ పోసి పెట్టారు. రంగు అదే రంగు. ఊరంతా చిప్స్ మీద టీ చల్లుకుని తిన్నది. ఐవీ వెనిగర్ చవకరకమని రెండు వారాలు చెప్పుకున్నారు. ఎవరు చేశారో ఐవీకి తెలుసు. అతను మాత్రం ఒప్పుకోలేదు. అప్పట్నుంచీ పొట్లం గోడ మీదుగా వస్తూనే ఉంది గానీ తలుపు తెరుచుకోలేదు.

"వదినా, ఈ ఒక్కసారికి నమ్ము. వీధి తలుపు మూసెయ్, ఈ పెరటి తలుపు దగ్గర అమ్ము. క్యూ మొత్తం గేటులోంచి తిరిగొచ్చి ఇక్కడ నిలబడుతుంది. నీ చేపలు నీకు, నా జనం నాకు."

"వరస తప్పితేనో? నా కొట్టు ముందు నెత్తురు పారుతుంది తెలుసా?"

"వరస తప్పదు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపాను, వాళ్ళలో పేరు తెలియనివాడు ఒక్కడు లేడు. మైకులో పేరుపేరునా పిలుస్తాను."

లోపల గరిటె పక్కన పెట్టిన చప్పుడైంది.

"నిజంగా పిలుస్తావా, లేకపోతే మళ్ళీ వేషాలా?"

"మైకు పోతుంది వదినా." ఈసారి విల్ఫ్ గొంతులో వేళాకోళం లేదు. "హెరాల్డ్‌కి ఇచ్చెయ్యాలి."

"అయితే ముందు ఆ వెనిగర్ సంగతి చెప్పు. నాక్కాదు. ఊరికి."

ఇరవయ్యో నిమిషంలో స్పీకరు మళ్ళీ వీధి వైపు తిరిగింది.

"బ్రాకెన్‌షా ప్రజలారా, విల్ఫ్‌ని మాట్లాడుతున్నాను. ఇది జోకు కాదు. ఏప్రిల్లో మీరు తిన్న వెనిగర్ వెనిగర్ కాదు. నేను కాచిన టీ. మా వదిన వెనిగర్ ఈ జిల్లాలోనే మంచి వెనిగర్. తిట్టాల్సింది నన్ను."

క్యూ పొడవునా నవ్వు పాకింది, మూల తిరిగి కనబడనంత దూరం పోయింది. "ఆ టీలో చక్కెర కూడా వేశావురా దొంగా!" అని పోస్టాఫీసు దగ్గర్నుంచి కేక.

"వేశాను, పిల్లింగ్ గారూ, ఒక చెంచా. మీ కోసమే. ఇప్పుడు వినండి. కొట్టు వీధి తలుపు మూసేస్తున్నారు. చేపలు గ్రౌండులో పెరటి తలుపు దగ్గర. నేను పిలిచిన వరసలోనే కదలండి. మొదటి మనిషి, మిసెస్ హేగ్, రెండు చేపలు, మెత్తని బఠానీలు. ఆవిడ వెనక ఆల్బర్ట్ లీ, కుంటికాలు, తొందర పెట్టకండి. మూడు, వాళ్ళావిడ..."

జట్టు పేర్లు చదివినట్టే చదివాడు. పేరు విన్నవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. ముందున్నవాడి వీపు మీంచి చూపు తియ్యకుండా, ఒక్క చోటు కూడా అటూ ఇటూ కాకుండా, క్యూ మొత్తం పాములా వంకర తిరిగి గేటులోకి దూరింది. సెత్ చేతిలో లెక్క మిషను టిక్కుటిక్కుమంటోంది.

"పది, నర్సు విన్నీ, ఉత్త చిప్స్. పదకొండు..." విల్ఫ్ ఆగాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మొహం విచ్చుకుంది. "పదకొండు. నల్ల కోటు. పెద్ద చేప, ఉప్పు ఎక్కువ. మన ప్రెసిడెంటు గారు!"

హెరాల్డ్ గేటు ముందు కొయ్యబారిపోయాడు. ఫలితం ముందే తెలిసిన పందేనికి తొందరేముందని ముందుగా చేప కోసం వచ్చాడాయన. ఇప్పుడు లోపలికి అడుగేస్తే విల్ఫ్ లెక్కకి తానే ఒక తల కలిపినట్టు. వెయ్యకపోతేనో?

"వెళ్తారా లేదా హెరాల్డ్ గారూ?" వెనకున్నావిడ బుట్టతో చిన్నగా పొడిచింది. "వెళ్ళకపోతే నేను ముందుకి పోతాను."

"నా చోటు ఎవరికీ ఇవ్వను," అన్నాడు హెరాల్డ్. అని, శనివారాన్నీ, తాతనీ, నాన్ననీ బయటే వదిలేసి గేటులోంచి లోపలికి నడిచాడు. టిక్కు.

సగం ఆట ఈల పడేసరికి గోల్‌పోస్టు వెనక జనం చేపలు తింటూ కిక్కిరిసి ఉన్నారు. సెత్ లెక్క మిషను పట్టుకుని నిచ్చెనెక్కాడు. మూడొందల ముప్ఫై ఎనిమిది. విల్ఫ్ దాన్ని మూడుసార్లు చదివాడు మైకులో, నాలుగోసారి పాడాడు.

హెరాల్డ్ స్టాండు కింద నిలబడి, కాగితంలోంచి చేప విరుచుకుంటూ పైకి చూశాడు.

"శుక్రవారాలే కానివ్వు. అయితే ఒక్క మాట. వచ్చే వారం కూడా నేను పదకొండే. ఎవర్నీ ముందు పిలవకు."

"మీ నంబరు చొక్కా మీద కుట్టిస్తానండీ!"

ఐవీ స్వయంగా పొట్లం తెచ్చి నిచ్చెన మీదుగా అందించింది, పక్కన ఒక సీసా. పొద్దుట్నుంచీ కంగారులో విల్ఫ్ ఏమీ తినలేదు. ఐదున్నర పొట్లం కూడా గోడ మీదే ఉండిపోయింది. మైకు ఆపడం కూడా మర్చిపోయి, చిప్స్ మీద సీసా వంచి, గుప్పెడు నోట్లో కుక్కుకున్నాడు.

మూడొందల ముప్ఫై ఎనిమిది మందీ విన్నారు, స్పీకర్లో ముందు నమలడం, తర్వాత ఆగడం, తర్వాత తుపుక్కుమనడం.

"ఎలా ఉంది మరిదీ?" కింద నుంచి ఐవీ అడిగింది. "నేను రెండు చెంచాలు వేశాను చక్కెర."