అమ్మ ఒక్క ఊపిరి

తమ్ముడు లొక్ చెయ్యి పెట్టిందేదీ బాగుపడదని తాన్ నమ్మకం. అమ్మ వర్ధంతికి వచ్చిన చుట్టాలంతా భోంచేసి టీవీ ముందు కూర్చున్నారు. మేడ మీది కంప్యూటర్‌లో దాచిన అమ్మ పాడి నటించిన పాత నాటకం కింద టీవీలో వస్తోంది. చరణమంతా ఒక్క ఊపిరిలో పాడి ఆమె కిందికి జారవిడిచే ఆఖరి స్వరం కోసమే ఒకప్పుడు వాళ్ల ఊరు సాడెక్‌లో జనం టిక్కెట్లు కొనేవారు. సరిగ్గా ఆ స్వరానికి ముందే బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతోంది.

“ఆ వైఫై పెట్టె ఎక్కడ తగలేశావురా?”

“పెద్దల పీఠం మీదే అన్నయ్యా, ఇత్తడి ధూపపాత్ర వెనకాల. అమ్మ ఫొటో పక్కన వైర్లు కనబడితే బాగోదని దాచాను.”

“దాచడంలో నిన్ను మించినోడు లేడులే! అంత ఇత్తడి అడ్డముంటే సిగ్నల్ ఎలా వస్తుంది?”

తాన్ అమ్మ ఫొటోకు దణ్ణం పెట్టి, పెట్టెను తెచ్చి బీరువా మీద పెట్టాడు. చక్రం మాయమైంది. అమ్మ ఊపిరి తీసుకుంది. చరణం ఎక్కడా తెగకుండా సాగి సాగి, ఆఖరి స్వరం మెల్లగా జారింది. ఇంటిల్లిపాదీ తెలియకుండానే చప్పట్లు కొట్టారు. లొక్ ఏడ్చేశాడు. తాన్ చేతులు జోడించి అలాగే నిలబడిపోయాడు.

తమ్ముడు గుట్టుగా తన ఒక్కడి పేర రాయించుకున్న అమ్మ పంపరపనస తోట ఆ ఊపిరి ఉన్నంతసేపూ తాన్‌కి గుర్తు రాలేదు. ముప్పావు ఎకరం.