కార్యదర్శి రాజీనామా

మా జాతీయ కళాచరిత్ర పరిషత్తుకు నేను కార్యదర్శిని. బొమ్మల చరిత్ర రాసేవాళ్లకు దేశం మొత్తం మీద ఉన్న సంఘం అదొక్కటే. చిత్రాలున్న పాత గోడను ఎవరైనా పడగొడతామంటే అడ్డుపడాలన్నా, నకిలీ చిత్రాన్ని నకిలీ అని తేల్చాలన్నా, పత్రిక వేయాలన్నా, ఏటా సభ జరపాలన్నా పరిషత్తే చేయాలి. పరిషత్తంటే చివరికి నేనే. ఒక్క ఏడాది చూసుకోమని అంటగట్టారు. అప్పటికి నా జుట్టు నల్లగా ఉండేది.

ఇప్పుడు ఏ బొమ్మ ముందుకొచ్చినా ఏ సంచికలో ఏ పేజీకి పనికొస్తుందన్న ఆలోచనే తప్ప బొమ్మ కనబడటం లేదు. పాత నాటకశాల పైకప్పు చిత్రాల మీద మొదలుపెట్టిన నా పుస్తకం అటకెక్కింది. వాటిని పరంజా ఎక్కి దగ్గరగా చూడాలి. మోకాళ్లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి, ఇంకొన్నాళ్లు పోతే ఎక్కలేను. అందుకే ఈసారి ఎలాగైనా వదిలించుకోవాలనుకున్నాను.

మరొకరు ముందుకొస్తేనే రాజీనామా చెల్లుతుందని మా నిబంధన. అది రాసిన మహానుభావుడు నా చేతికి దొరకలేదు గాని...

"ఈసారైనా ఊడుతుందా?" అంది మా ఆవిడ పొద్దున.

"ఊడకపోతే ఇంటికి రాను."

"ఎలాగూ అక్కడేగా ఉండేది," అంది.

సభలో రాజీనామా చదివాను. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు బూట్ల వైపు చూసుకున్నారు. ఒకాయనకు మోగకుండానే ఫోను వచ్చింది.

అప్పుడు వెనక వరుసలోంచి నా శిష్యురాలు లేచింది.

"నేను చేస్తాను మాస్టారూ. మీరు పుస్తకం పూర్తి చేసుకోండి."

నాకు ప్రాణం లేచొచ్చింది. అధ్యక్షుడు అప్పుడే చప్పట్లకు చేతులెత్తారు.

ఆమె జుట్టులో సున్నం పొడి ఉంది. పొద్దుటి దాకా ఏదో గోడ దగ్గర ఉండి తిన్నగా ఇక్కడికే వచ్చినట్టుంది. మా అందరిలో ఇంకా బొమ్మల ముందు గంటలకొద్దీ నిలబడేది ఆ పిల్ల ఒక్కతే. ఈ కుర్చీలో కూర్చుంటే అదీ పోతుంది. నాకు మనసొప్పలేదు.

"కూర్చో అమ్మా. రాజీనామా వెనక్కి తీసుకుంటున్నాను."

"ఏం మాస్టారూ, నావల్ల కాదనా?"

అసలు కారణం చెబితే ఇంకా పట్టుబడుతుంది. "నీకింకా అనుభవం చాలదు," అన్నాను.

ఆమె మొహం మాడిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"నే చెప్పలా, ఈయన కుర్చీ వదిలే రకం కాదని," అన్నారు ఆమె పక్కనున్నవాళ్లెవరో.

ఆ పిల్ల అవునన్నట్టు తలాడించింది.

నేను తర్వాతి అంశం చదివాను: వచ్చే ఏడాది సభకు హాలు వెతకడం.